అమ్మ కోసం కొన్న కీర్తనల డబ్బా – ఆరు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది స్పాన్సర్డ్ గట్రా ఏం కాదు, 1,850 రూపాయలు నా జేబులోంచి పెట్టి ఆన్‌లైన్లో కొన్నదే. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇదే డబ్బా పది పేర్లతో దొరుకుద్ది, పైన స్టిక్కర్ ఒక్కటే మారుద్ది, లోపల సరుకంతా ఒకటే. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది, వెనక టార్చి, పక్కన ఎఫ్ఎమ్, లోపల 8 జీబీ ఎస్‌డీ కార్డు, ఆ కార్డులో తెలుగు బైబిల్లోని కీర్తనల గ్రంథం 150 అధ్యాయాలు చదివి రికార్డు చేసినవి. అంతే. పాటలు ఉండవు. ఇది ఎందుకు చెప్తున్నా అంటే రివ్యూల్లో సగం మంది "కీర్తనలు అన్నారు, ఒక్క పాటా లేదు" అని ఒక్క స్టార్ ఇచ్చి పోయారు. మనకి కీర్తనలు అంటే చర్చిలో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలూ కీర్తనలే, బైబిల్లో దావీదువీ కీర్తనలే, పక్కింటి వాళ్ళకి అన్నమయ్యవీ కీర్తనలే. కాబట్టి కొనేముందు చూసుకోండి, ఇది చదివే డబ్బా, పాడే డబ్బా కాదు.

అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి, లేకపోతే నేను మంచి అన్నది మీకు మంచిగా అనిపించకపోవచ్చు.

అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటది. నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నేను కూకట్‌పల్లిలో అకౌంట్స్ పని, చెల్లి బెంగుళూరు. నాన్న 2021 మే నెలలో పోయాడు, కోవిడ్ రెండో వేవ్‌లో. అప్పటినుంచి అమ్మ బెడ్‌రూమ్‌లో పడుకోదు, హాల్లో మడత మంచం వేసుకుంటది. హైదరాబాదు రమ్మంటే రాదు, గేదె ఉంది, చర్చి ఉంది, నాన్న సమాధి ఉంది అంటది. సరే అనుకున్నాం. ఈ సంవత్సరం వేసవిలో మా వీధిలో రెండిళ్ళ అవతల దొంగలు పడ్డారు, ఎవరికీ ఏం కాలేదు గానీ బీరువా పగలగొట్టి పోయారు. అంతే, ఆ రాత్రి నుంచి అమ్మకి నిద్ర పోయింది. గ్రిల్లుకి తాళం వేస్తది, పడుకుంటది, లేచి తాళం లాగి చూస్తది, మళ్ళీ పడుకుంటది. రాత్రి రెండింటికి నాకు ఫోను. "ఏం లేదులే నాయనా, ఊరికే చేశా" అంటది. ఊరికే ఎవరైనా రెండింటికి చేస్తారా.

మనకి తెలిసింది ఏంటి, సామాను కొనడం. రెండు సీసీ కెమెరాలు పెట్టించా, వరండాలో ఒకటి హాల్లో ఒకటి, నా ఫోన్లో కనిపించేలాగా, మొత్తం కలిపి 6,800 అయింది. అమ్మ దాన్ని కిందనుంచి పైకి చూసి ఒక్క ముక్క అంది. "యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాయువారు మేలుకొనియుండుట వ్యర్థమే, నాయనా." 127వ కీర్తన. అమ్మకి కోపం వచ్చినా నవ్వొచ్చినా వాక్యంలోనే వస్తది. ఆ మాటకి అప్పుడు ఒళ్ళు మండింది గానీ నెల తిరిగేసరికి నిజమని తేలింది, కావలి కాసేవాడు మేలుకున్నాడు, అది నేనే. పిల్లి గోడ దూకితే నా ఫోన్‌కి అలారం, గేదె తోక ఊపితే అలారం, చెట్టు నీడ కదిలితే అలారం. అమ్మకి పోయిన నిద్ర తిరిగి రాలేదు సరికదా నాదీ పోయింది. ఒకే ఇంటికి ఇద్దరు కావలివాళ్ళం, ఒకళ్ళు హాల్లో, ఒకళ్ళు కూకట్‌పల్లిలో.

అప్పుడు చెల్లి చెప్పింది ఈ డబ్బా గురించి. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది, బైబిల్లో ఆ సన్నక్షరాలు పట్టుకోలేదు, పెద్దక్షరాల పుస్తకం ఒకటి కొన్నాం గానీ రాత్రి మంచం మీద పడుకుని గుండెల మీద అంత బరువు పెట్టుకుని ఎవరు చదువుతారు. చెవికైతే అద్దాలు అక్కర్లేదు కదా అంది. ఆర్డర్ పెట్టా.

ఇక వస్తువు సంగతి. మంచీ చెడూ కలిపే చెప్తా.

గొంతు బావుంది. మొగ గొంతు, పాత ఆకాశవాణి వార్తల స్టైలు, ఎక్కడా డ్రామా లేదు, వెనక వయొలిన్ ఏడుపులు లేవు. నాకు అదే నచ్చింది. ఈమధ్య వచ్చే ఆడియోల్లో "గాఢాంధకారపు లోయలో" అనగానే ఉరుముల సౌండు వేస్తున్నారు, అలాంటివి పెద్దవాళ్ళకి రాత్రిపూట పెడితే ఇంకేం నిద్ర. ఇందులో చదివేది ఆ పాత తెలుగే, యుందువు, చేయుచున్నావు, మొఱ్ఱపెట్టుచున్నాను. సరళ తెలుగులో కూడా దొరుకుతున్నాయి, పిల్లలకి అవి మంచివి. కానీ అమ్మ వయసు వాళ్ళకి పాతదే పెట్టండి, వాళ్ళ నోట్లో ఉన్నది అదే. మాది గుంటూరు లూథరన్ చర్చి, 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి మనం ఉన్నాం అని మా తాత గొప్పలు పోయేవాడు, ఆ గొప్పల్లో నిజమెంతో గానీ ఆ భాష మాత్రం తరాలుగా ఇంట్లో ఉప్పూ కారంలాగా కలిసిపోయింది. అమ్మ ఇప్పటికీ ఒంట్లో బావుంటే "ప్రాణం నిమ్మళంగా ఉంది" అంటది. అది 131వ కీర్తనలో మాట అని నాకు ఈ డబ్బా వచ్చేదాకా తెలీదు, పల్నాటి మాట అనుకున్నా.

బటన్లు చిన్నవి, వేలికి దొరకవు. మోడ్ అనే బటన్ పొరపాటున నొక్కితే ఎఫ్ఎమ్‌లోకి పోద్ది. ఆన్ చేయగానే లోపలినుంచి ఒకామె ఫుల్ వాల్యూంలో ఇంగ్లీషులో ఏదో అరుస్తది, మొదటి రోజు అమ్మ దడుచుకుని డబ్బా కింద పడేసింది, దెబ్బ మాత్రం తగల్లేదు, కాబట్టి గట్టిదే. నీలం లైటు ఒకటి ఉంటది, చీకట్లో ఇల్లంతా పోలీసు జీపులాగా వెలుగుద్ది. పక్కింటి అక్క తన బొట్టుబిళ్ళ తీసి ఆ లైటు మీద అంటించింది, ఇప్పుడు మా కీర్తనల డబ్బాకి మెరూన్ కలర్ బొట్టు ఉంది. చర్చి అయ్యగారు ప్రార్థనకి వచ్చినప్పుడు దాన్ని చూసి ఏమీ అనలేదు, నవ్వుకున్నారు.

బ్యాటరీ 8 గంటలు అని రాశారు. అబద్ధం. అమ్మ పెట్టుకునే వాల్యూంలో నాలుగున్నర గంటలు. రాత్రి 9కి పెడితే ఒంటిగంటన్నరకి ప్రాణం వదులుద్ది. స్లీప్ టైమర్ లేదు, ఆపేస్తే ఎక్కడ ఆపామో గుర్తుండదు, మళ్ళీ 1వ కీర్తన నుంచే మొదలు. ప్రతి రాత్రీ "దుష్టుల ఆలోచనచొప్పున నడువక" అనే మొదలు.

ఇక అసలు లోపం. నేను స్టార్లు కోసింది దీనికే.

వరస తప్పు. 1వ కీర్తన అయ్యాక 2 రాదు, 10 వస్తది. 10 తర్వాత 100. తర్వాత 101, 102, అలా 109 దాకా పోయి అప్పుడు 11, వెంటనే 110. కంప్యూటర్ తెలిసినవాళ్ళకి అర్థమై ఉంటది, ఫైళ్ళకి 001, 002 అని పెట్టకుండా 1, 2, 3 అని పేర్లు పెట్టారు, ఆ డబ్బా అంకెల్ని అక్షరాల్లాగా చదువుకుంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "ఏ కీర్తనైనా దేవుని వాక్యమే కదండీ" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేక ఫోన్ పెట్టేశా.

దీనివల్ల ఏమవుద్దంటే, అందరూ కోరుకునే 23వ కీర్తన, యెహోవా నా కాపరి, 67వ నంబర్లో ఉంటది. అంటే ముందుకు వెళ్ళే బటన్ 66 సార్లు నొక్కాలి. అలా నొక్కకుండా వదిలేస్తే 9కి మొదలెట్టింది అక్కడికి చేరేసరికి పదకొండున్నర. మధ్యలో 119 ఒకటి బండలాగా అడ్డం, 176 వచనాలు, మా డబ్బాలో 20 నిమిషాల పైనే. ఎనిమిదేసి వచనాలకి ఒక్కో హీబ్రూ అక్షరం పేరు, మొత్తం 22, ఆలెఫ్ బేత్ గీమెల్ అంటూ. అమ్మకి ఇప్పుడు ఆ 22 అక్షరాలూ కంఠతా వచ్చు, చెల్లి కూతురికి నేర్పిస్తంది, ఆ పిల్ల ఇంకా తెలుగు అఆలు పూర్తిగా నేర్చుకోలేదు. యాత్రకీర్తనలు అని 120 నుంచి 134 దాకా పదిహేను ఉంటాయి, యెరూషలేముకి కొండెక్కి పోతా పాడుకునేవంటారు. ఈ వరసలో 129 అయ్యాక యాత్ర ఆగిపోయి 13వ కీర్తన వస్తది, అదయ్యాక 130 నుంచి మళ్ళీ యాత్ర. అద్దంకి బస్సు ఎక్కితే మధ్యలో దింపేసి ఇంకో బస్సు ఎక్కించినట్టు.

సరే, అలా విసుక్కుంటానే వాడుతున్నాం. ఒకరోజు రాత్రి పదిన్నరప్పుడు పిల్లి అలారం వస్తే ఫోన్ తీసి హాల్లో కెమెరా చూశా. దానికి మైకు కూడా ఉంది, అంతకుముందు ఎప్పుడూ సౌండ్ పెట్టలేదు. ఆ రోజు పెట్టా. మంచం మీద అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది, స్టూలు మీద డబ్బా, దాంట్లోంచి 13వ కీర్తన. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?"

నేను సండే స్కూల్లో పెరిగినోణ్ణే గానీ ఈ కీర్తనని ఎప్పుడూ పట్టించుకోలేదు. మనకి గోడమీద క్యాలెండర్లలో వచ్చే వచనాలే తెలుసు కదా, అన్నీ ధైర్యం చెప్పేవే. ఇక్కడ మనిషి నేరుగా దేవుడిమీద కేకలేస్తున్నాడు, నన్ను మర్చిపోయావా అని, ఎన్నాళ్ళు ఎన్నాళ్ళు అని మళ్ళీ మళ్ళీ. ఆరే వచనాలు. చివర్లో ఎలాగో తేరుకుని పాడతా అంటాడు గానీ, మొదలైతే అలా. అదయ్యి వెంటనే, వరస తప్పు కాబట్టి, 14 రాకుండా 130 వచ్చింది. "యెహోవా, అగాధ స్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను." దాంట్లో కావలివాళ్ళు ఉన్నారు. కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము కనిపెట్టుచున్నది అని రెండు సార్లు చెప్తాడు, ఒకసారి చెప్తే సరిపోదన్నట్టు. నేను అప్పుడు మంచం మీద కూర్చుని పదిన్నరకి కెమెరా చూస్తున్నా. కనిపెట్టుట అంటే పాత తెలుగులో ఎదురుచూడటం అని తెలుసుగా, నేను మాత్రం ఇప్పటి అర్థంలోనే కనిపెట్టుకుని ఉన్నా, పిల్లిని.

ఆ తర్వాత 131. మూడే వచనాలు. చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు నా ప్రాణమును నిమ్మళపరచుకొని యున్నాను అంటాడు. పాల కోసం ఏడ్చే పిల్ల కాదు, పాలు మానేసిన పిల్ల, ఇంక అడిగేది ఏమీ లేకుండా ఊరికే అమ్మ పక్కన కూర్చున్న పిల్ల. అది అయిపోయేసరికి అమ్మ గురక వినపడింది.

ఏదో ఆ రోజుకి అలా జరిగిందిలే అనుకున్నా. మర్నాడు కూడా చూశా. ఆ తర్వాత కూడా. డబ్బా రోజూ 1 నుంచే మొదలవుద్ది కాబట్టి రోజూ పదిన్నరకి 13, 130, 131. దాదాపు రోజూ 131కి గురక. గురక మొదలయ్యాక నేను ఫోన్ పక్కన పెట్టి పడుకునేవాణ్ణి. ఎవడో ఫైళ్ళకి పేరు పెట్టడం చేతకాక చేసిన తప్పు, మొర నుంచి లోయకి, లోయ నుంచి ఒడికి మెట్లు కట్టినట్టు కుదిరింది. దీన్ని దేవుడి పని అంటారో సార్టింగ్ ఎర్రర్ అంటారో మీ ఇష్టం. అమ్మ ఏమంటదో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

పక్కింటి అక్క సంగతి కూడా చెప్పాలి. టీవీ సీరియల్ అయిపోయాక అమ్మకి తోడుగా వచ్చి కూర్చుంటది, వాళ్ళు వెంకటేశ్వర స్వామి భక్తులు. ఆమెకి 121 ఇష్టం, ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు అనేది. "అయితే ఇంక మనం పడుకోవచ్చు కదా వదినా, ఇద్దరూ మేలుకోడం ఎందుకు" అందంట. ఆదివారం అయ్యగారు ముప్పావుగంట చెప్పేదానికన్నా ఈ ఒక్క ముక్క నాకు బాగా ఎక్కింది. ఇంకోటి, కీర్తనల మధ్యలో సెలా అనే మాట వస్తూ ఉంటది, మొత్తం గ్రంథంలో 71 సార్లు. ఏదో సంగీతానికి సంబంధించిన గుర్తు అంటారు పండితులు, కచ్చితంగా ఎవరూ తేల్చలేదు. ఈ చదివేఆయన ప్రతి సెలానీ చక్కగా ఆగి మరీ పలుకుతాడు. "సెలా అంటే ఏందొదినా, సెలవు తీసుకుంటన్నాడా?" అని అక్క అడిగిందంట. అప్పటినుంచి ఆమె ఇంటికి బయల్దేరేముందు "సెలా" అని చెప్పి పోతది.

ఇక్కడ ఒక విషయం రాయాలా వద్దా అని ఆలోచించా. రాస్తే గానీ కింద చెప్పేది అర్థం కాదు.

91వ కీర్తన మీ అందరికీ తెలుసు, మహోన్నతుని చాటున నివసించువాడే. ఆటోల వెనక, గుమ్మాల మీద, కారు అద్దానికి, అన్నిచోట్లా అదే. కోవిడ్ అప్పుడు వాట్సాప్ నిండా అదే. చీకటిలో సంచరించు తెగులు అని ఉంటది కదా అందులో, నాన్న రైతు, ఆయనకి తెగులంటే మిర్చికి వచ్చేదే, "మందు కొడితే పోద్దిలే" అని జోకు వేశాడు మొదట్లో. నాన్న గుంటూరు హాస్పిటల్లో ఉన్నప్పుడు లోపలికి రానివ్వలేదు, అమ్మ రోజూ ఫోన్లో ఆ కీర్తన చదివి వినిపించేది, నర్సమ్మ పుణ్యాన ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టేవాళ్ళు. పదకొండు రోజులు చదివింది. నీ ప్రక్కను వేయిమంది పడినను నీ కుడిప్రక్కను పదివేలమంది కూలినను అపాయము నీయొద్దకు రాదు. పన్నెండో రోజు పొద్దున్నే ఫోన్ అటునుంచే వచ్చింది.

అమ్మ చర్చి మానలేదు, ప్రార్థన మానలేదు. ఆ ఒక్క పేజీ మాత్రం తెరవలేదు. నాకైతే కోపం వచ్చింది, ఆ కీర్తనని తాయెత్తులాగా అమ్మినవాళ్ళ మీద. మత్తయి సువార్తలో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీదనుంచి దూకమని చెప్పి నోట్లోంచి తీసేది ఈ కీర్తనలో వచనమే, దేవదూతలు పట్టుకుంటారులే అని. యేసు దూకలేదు. ఈ సంగతి స్టిక్కర్లు వేసేవాళ్ళు ఎవరూ చెప్పరు. ఇంకా చెప్పాలంటే 91కి మూడు మెట్ల కిందే 88 ఉంటది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో అయిపోద్ది, వెలుగు లేదు, స్తోత్రం లేదు, ఆ రికార్డింగులో కూడా ఆయన ఆ మాట చదివి ఊరుకుంటాడు. రెంటినీ ఒకే పుస్తకంలో పెట్టిన వాళ్ళకి మనకన్నా ఎక్కువే తెలుసు. దాన్ని క్యాలెండర్ మీద మాత్రం ఎవరూ వెయ్యరు.

సరే వస్తువుకి వద్దాం. దసరా సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఇంజనీరు బుద్ధి పుట్టింది నాకు, చదివింది బీకామే అయినా. కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి 150 ఫైళ్ళకీ 001 నుంచి 150 దాకా పేర్లు మార్చా. మీలో ఎవరికైనా ఇదే సమస్య ఉంటే ఇలా చేయండి, పది నిమిషాల పని. కొన్ని డబ్బాలు పేరు చూడవు, కార్డులోకి ఏది ముందు కాపీ అయిందో దాన్ని బట్టి పాడతాయి, అలాంటివైతే కార్డు ఫార్మాట్ చేసి వరసగా ఒక్కోటి కాపీ చేయాలి. మాది పేరు చూసేదే, వెంటనే కుదిరింది. 1, 2, 3, 4, చక్కగా పోతంది. యెహోవా నా కాపరి 9.40 కల్లా వచ్చేస్తది. అమ్మకి వినిపించి గర్వంగా చూశా. "బావుంది నాయనా" అంది.

హైదరాబాదు వచ్చాక నాలుగో రోజో ఐదో రోజో, రాత్రి కెమెరాలో సౌండ్ లేదు. డబ్బా స్టూలు మీదే ఉంది, ఆపేసి ఉంది. అమ్మ లేచి కూర్చుని ఉంది. పదకొండు అయింది. ఫోన్ చేశా.

"ఏంటమ్మా పెట్టుకోలా?"

"పెట్టుకున్నాలే, ఆపేశా."

"ఎందుకు, ఛార్జింగ్ లేదా?"

"ఉంది నాయనా. ఆ పాత వరస మళ్ళీ పెట్టగలవా?"

"అది తప్పు వరసమ్మా, ఇదే కరెక్టు."

కాసేపు ఏం మాట్లాడలేదు. గేదె మెడలో గంట వినపడతంది ఫోన్లో. "తప్పయితే తప్పేలే గానీ, నాకు రాత్రి పన్నెండింటప్పుడు ఒకసారి మెలకువ వస్తది కదా. ఆ టయానికి అది వస్తంది."

ఏది అని నేను అడగలేదు. ఫోన్ పెట్టేశాక కాలిక్యులేటర్ తీసుకున్నా, అకౌంట్స్ వాణ్ణి కదా, వచనానికి ఎనిమిది సెకన్లు వేసుకుని లెక్కేశా. కరెక్టు వరసలో 9కి మొదలుపెడితే 91వ కీర్తన పన్నెండుంబావుకి వస్తది. పాత తప్పు వరసలో అది 142వ నంబరు, రెండుంబావుకి రావాలి, కానీ ఆ పనికిమాలిన బ్యాటరీ ఒంటిగంటన్నరకే చచ్చిపోద్ది. నాలుగు నెలలు ఆ డబ్బా ఒక్కసారి కూడా అక్కడిదాకా పోలేదు. పాత వరసలో పన్నెండు ముందు మెలకువ వస్తే వచ్చేది 3వ కీర్తన, కొడుకు అబ్షాలోము తరుముతుంటే పారిపోయినప్పుడు దావీదు రాసిందని పైన ఉంటది. అంత కష్టంలో ఉండి కూడా, నేను పండుకొని నిద్రపోయి మేలుకొందును అంటాడు.

శనివారం బస్సెక్కి పోయా. ఈ ఒక్క పనికే. సున్నాలన్నీ తీసేసి మళ్ళీ 1, 10, 100 చేశా. కార్డు డబ్బాలో పెట్టేముందు అడిగా, "అమ్మా, కావాలంటే ఆ ఒక్కటి తీసేస్తా, మిగతావి వరసగా పెడతా, కరెక్టుగా వస్తాయి."

అమ్మ గేదెకి కుడితి కలుపుతా ఉంది, చెయ్యి మోచేతిదాకా బకెట్లో. తల తిప్పకుండా చెప్పింది. "వాక్యం తియ్యకూడదు నాయనా. ఉండనీ. చివర్లో ఉండనీ, నేనే పోతా అక్కడికి ఎప్పటికో."

మూడున్నర స్టార్లు. కొనేవాళ్ళు ఛార్జర్ విడిగా తీసుకోండి, వాళ్ళిచ్చే కేబుల్ వారానికే పోద్ది. ఆ నీలం లైటుకి మందంగా ఉండే బొట్టుబిళ్ళ వాడండి, సన్నదైతే వెలుగు బయటికి వస్తది.